సవర కొండలకు వారధి కట్టిన బడిపంతులు

భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన లేని రోజులు మన సంఘాలలోని పెద్దవారిలో కొందరికి ఇంకా జ్ఞాపకమే. ఏరు నిండుగా వచ్చినప్పుడు ఈ ఒడ్డువారు ఈ ఒడ్డునే, ఆ ఒడ్డువారు ఆ ఒడ్డునే. జబ్బు చేసిన మనిషైనా, పరీక్ష వ్రాయవలసిన పిల్లవాడైనా పడవ కోసం కాచుకొని కూర్చోవలసిందే. 1965లో ఆ వంతెనను ప్రారంభించినవారు అప్పటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పిన మనిషి చేతుల మీదుగా ఆ దారి తెరుచుకోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది.

ఏటి మీద వంతెన కట్టేవాడు ఒక ఒడ్డున నిలబడి పని ముగించలేడు. ముందుగా తానే పడవెక్కి అవతలికి పోవాలి, అక్కడి నేల ఎలాంటిదో చూడాలి, అక్కడ కూడా పునాది త్రవ్వాలి. మాటల విషయంలో ఇలాంటి పని చేసిన ఒక బడిపంతులు జీవితాన్ని ఈ శతవార్షిక సంచికలో మన సభ్యులకు పరిచయం చేయాలని నా కోరిక. ఆయన శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆయన మన మతస్థులు కారు, మన జిల్లావారూ కారు. అయినా అడవి అంచున సంఘాలు, బడులు నడుపుకొంటున్న మనకు ఆయన కథ పరాయిది కాదని చదివిన మీదట మీరే ఒప్పుకొంటారు.

ముందుగా ఒక్క మాట. మన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నది పేరు శబరి. రామాయణంలో పండ్లు పెట్టిన ముసలమ్మ పేరూ అదే. ఆ శబరి శబర జాతి స్త్రీ అని మన దేశంలో చాలాకాలంగా చెప్పుకొంటారు. ఆ శబరులే సవరలు అని పండితులు కూడా వ్రాశారు. మన నదికి అంటుకొని ఉన్న ఆ పేరుగల జనం ఇక్కడికి ఎంతో దూరాన, శ్రీకాకుళం ఎగువన, ఒరిస్సా సరిహద్దు కొండలలో ఎక్కువగా నివసిస్తారు. పంతులు గారి జీవితం ఆ కొండల క్రిందనే గడిచింది.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. అది వంశధార నది ప్రక్కనున్న సీమ. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రికి విశాఖపట్నం జిల్లా చోడవరానికి బదిలీ అయింది, అక్కడే 1875లో జ్వరంతో కాలం చేశారు. పిల్లవానికి అప్పటికి 12 ఏళ్ళు. మేనమామగారి ఇంట చేరి విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నాడు. ఆ బడిలో ఆయనతో కలిసి చదివినవారిలో గురజాడ అప్పారావు గారు ఒకరు. తెలుగు భాష నడకను మార్చిన ఇద్దరు మనుషులు ఒకే తరగతి బల్ల మీద కూర్చొని చదువుకొన్నారంటే ఆ బడికి అంతకన్న కీర్తి ఏమి కావాలి!

1879లో మెట్రిక్యులేషను పూర్తయింది, ఆ సంవత్సరమే వివాహమూ అయింది. ఇక ఇంటి భారం మోయక తప్పదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు 17 మాత్రమే. తరువాత ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు గట్టెక్కారు. పాఠశాల క్రమంగా కళాశాల అయినప్పుడు పై తరగతులకు కూడా పాఠాలు చెప్పారు. 1911లో విరమించే వరకు 30 ఏళ్ళు అదే ఊరు, అదే సంస్థ. పెద్ద జీతం చూపే ఊళ్ళకు, మద్రాసు కొలువులకు పరుగెత్తని ఉపాధ్యాయులు ఆ కాలంలోనూ తక్కువే.

చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో ఉన్నది ఒప్పజెప్పి ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. సొంత ఊరి ప్రక్కనే శ్రీముఖలింగం దేవాలయం ఉంది. దాని గోడల మీద పాత లిపులలో శాసనాలు ఉన్నాయి. చదివి చెప్పేవారు దగ్గరలో లేరు. శాసనాల లిపులను గూర్చిన ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకొని, ఎవరి సాయమూ లేకుండా ఆ అక్షరాలు నేర్చుకొని, కళింగ గాంగ రాజుల చరిత్రకు పనికివచ్చే సంగతులు వెలికి తీశారు. ఈ అలవాటు తరువాతి కథకు ముఖ్యం. తనకు తెలియని దాన్ని తక్కువ చేసి మాట్లాడక, కూర్చొని నేర్చుకొనే స్వభావం ఆయనది.

ఇప్పుడు సవరల సంగతికి వద్దాం. పర్లాకిమిడి కొండల పాదాన ఉన్న ఊరు. సవరలు పోడు కొట్టి పండించుకొన్న ధాన్యం, అడవి సరుకు నెత్తిన పెట్టుకొని దిగువ ఊళ్ళ సంతలకు వచ్చేవారు. మన ఏజెన్సీ సంతలు చూచినవారికి ఆ దృశ్యం వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. కొనేవాని భాష అమ్మేవానికి రాదు. లెక్క కొనేవాని చేతిలో, తూకం కూడా కొనేవాని చేతిలోనే. కచేరీకి పోతే అమీను మాట్లాడే మాట అర్థం కాదు, తన మాట అమీనుకు చెప్పుకోనూ లేడు. అప్పు పత్రంలో ఏమి వ్రాసి ఉందో తెలియకనే వేలిముద్ర వేసి పోతాడు. ఊరివారు ఇది చూచి సవరలు తెలివితక్కువవారని అనుకొన్నారు. పంతులు గారు చూచి, వీరికి చదువు కావాలి, అది వీరి భాషలోనే రావాలి అనుకొన్నారు. రెండు చూపులకూ ఎంత భేదమో గమనించండి.

అయితే ఆ భాష ఆయనకు రాదు. నేర్చుకొందామంటే పుస్తకం లేదు, లిపి లేదు, నేర్పే గురువు లేడు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని అతని నోట వింటూ నేర్చుకొన్నారు. ఇది 1890లనాటి మాట. సంప్రదాయమైన బ్రాహ్మణ గృహంలో భాష కోసం బయటివానిని పెట్టుకొని, అతనిని గురువుగా భావించి, అతని నోటి వంక చూస్తూ కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తరువాత సెలవులు దొరికినప్పుడల్లా కొండలెక్కి సవర గూడేలకు వెళ్ళేవారు. వారి పాటలు, కథలు, దేవతల పేర్లు, తిట్లు, లాలిమాటలు, వేటాని పంటని గూర్చిన మాటలు అన్నీ వ్రాసుకొన్నారు.

సవర భాష తెలుగుకు దగ్గరి చుట్టం కాదు. మన కోయభాష గోండికి సోదరి వంటిది, తెలుగుకూ వరుస కలుస్తుంది, అన్నీ ద్రావిడ కుటుంబంలోనివే. సవర మాత్రం ముండా భాషలలో ఒకటి. బీహారు, ఛోటానాగపూరు ప్రాంతాలలోని సంతాలీ, ముండారీ భాషలు దాని బంధువులు. మన నోటికి అలవాటు లేని ధ్వనులు అందులో ఉన్నాయి. మాట మధ్యలోనో చివరనో గొంతు చటుక్కున మూసుకొని ఊపిరి ఆగిపోయే ధ్వనులు చాలా వినిపిస్తాయి. ఒక చిన్న విరుపు తేడాతో అర్థం మారిపోతుంది. అటువంటి భాషను చెవితో పట్టుకొని, తెలుగు లిపిలో దానికి గుర్తులు ఏర్పరచి, వ్యాకరణం గుర్తించడమంటే ఎంత ఓపిక కావాలి! ఈ పనికి ఆయనకు 15 ఏళ్ళు పట్టాయని ఆయన జీవితం వ్రాసినవారు చెబుతారు.

దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. కొండలలో తిరిగినందుకు మలేరియా పట్టుకొంది. మన ఏజెన్సీలో పనిచేసిన పాస్టర్లకు, ఉపదేశకులకు, నర్సులకు ఆ జ్వరం ఎలా వణికించి వదులుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఆ కాలంలో దానికి మందు క్వినైను ఒక్కటే. క్వినైను మోతాదు మీద మోతాదు తీసుకొనగా ఆయనకు చెవుడు వచ్చింది. అది జీవితాంతం పోలేదు. ఎవరి మాటను వినడం కోసం కొండలెక్కారో వారి కొండ జ్వరమే ఆయన వినికిడిని తీసుకొని పోయింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకనే కూర్చున్నాను. మరొకరైతే అక్కడితో మానుకొనేవారు. ఆయన అంతవరకు విన్నదానిని భద్రపరచుకొని, ఇంకా వినవలసిన దానిని ఇతరుల చెవులతో సరిచూచుకొంటూ మరి 30 ఏళ్ళకు పైగా పని చేశారు.

నేర్చుకొని ఊరుకోలేదు. సవర పిల్లల కోసం సవరలో వాచకాలు వ్రాశారు. తన సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 30 రూపాయల జీతంతో మొదలైన బడిపంతులు ఇంకొక బడికి జీతాలివ్వడం ఎలా సాధ్యమైందో సంసారం నడిపేవారికి అర్థమవుతుంది. 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలను అచ్చు వేయించింది. పారితోషికం ఇవ్వబోయింది కూడా. ఆయన ఆ సొమ్ము తనకు అక్కరలేదనీ, దానితో సవరలకు మంచి బడి పెట్టమనీ కోరారు. ప్రభుత్వం 1913లో రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. తరువాత సవర పాటలు, సవర తెలుగు నిఘంటువు మొదలైనవి వెలువడ్డాయి.

ఇక్కడ మన గోదావరి తీరం సంగతి కొంచెం చెప్పుకోవడం తగును. పంతులు గారు సవరతో కుస్తీ పట్టడానికి ముందే, దుమ్ముగూడెం మిషనులో రెవరెండ్ జాన్ కెయిన్ గారు కోయల మధ్య కాపురముండి వారి మాటలు, ఆచారాలు సేకరించి, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి 1870లలోనే ఇండియన్ ఆంటిక్వెరీ అనే పత్రికలో వ్యాసాలు వ్రాశారు. లూకా సువార్త కోయ భాషలో ఆ శతాబ్దంలోనే అచ్చయింది. తరువాత దోర్నకల్‌కు వచ్చిన బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి తమిళులు. ఆయన కూడా ముందు తెలుగు నేర్చుకొని, తరువాతనే తెలుగువారికి బోధించారు. మతం వేరైనా, ఊరు వేరైనా, ఈ ముగ్గురూ చేసిన మొదటి పని ఒక్కటే. ఎదుటివాని భాష దగ్గర విద్యార్థులుగా కూర్చొన్నారు.

పంతులు గారి పేరు చెప్పగానే చాలామందికి స్ఫురించేది సవర కాదు, వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం. పాఠ్యపుస్తకాలు వ్రాసినవారు సహజంగా దానికే ఎక్కువ పుటలు కేటాయించారు. నా అభిప్రాయం కొంచెం వేరు. ఆ పోరాటానికి వేరు సవర కొండలలో ఉంది. తల్లి దగ్గర నేర్చిన మాటను తప్పు అని చెప్పి మొదలుపెట్టే చదువు పిల్లవానికి ఎక్కదని ఆయన అక్కడ కళ్ళారా చూచారు. తరువాత కొండ దిగి తెలుగు పిల్లల తరగతి వంక చూస్తే అక్కడా అదే తంతు జరుగుతూ ఉంది.

1906, 1907 ప్రాంతంలో జె. ఏ. యేట్స్ అనే దొరగారు ఉత్తరాది జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. తెలుగు నేర్చుకొందామని చూస్తే పుస్తకాలలోని తెలుగు ఒకటి, బజారులోని తెలుగు మరొకటి. వీధిలో ఎవరూ అనని మాటలు పిల్లలు పుస్తకంలో ఎందుకు వల్లిస్తున్నారని ఆయన అందరినీ అడిగారు. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు గారు ఆ ప్రశ్నను గురజాడవారి దగ్గరకు, గిడుగువారి దగ్గరకు పంపారు. ఈ నలుగురి కలయికతో వ్యావహారిక భాషోద్యమం ఆరంభమైంది. 44 ఏళ్ళ వయస్సులో, చెవుడు మొదలైన మనిషి, ఒక కొత్త యుద్ధానికి దిగారు.

ఆయన పద్ధతి చూడండి. కోపంగా మాట్లాడేవారని, వాదంలో నిప్పులు చెరిగేవారని పేరున్నా, ఆయన వాదం అంతా చూపించి చెప్పే వాదం. పండితులు వాడుక మాటలు దోషాలన్నారు. ఆయన ప్రాచీన కావ్యాలు, శాసనాలు, టీకలు తిరగవేసి అవే వాడుక రూపాలు మహాకవులూ వాడారని ఒక్కొక్కటే చూపించారు. ఇంకొక ప్రక్క, గ్రాంథికం వ్రాస్తున్నామనుకొనే పండితులు తమ రచనలలో తామే ఎన్ని తప్పులు చేస్తున్నారో లెక్క తీసి పెట్టారు. ఐరోపాలో స్వీట్, యెస్పర్సన్ వంటి భాషాశాస్త్రజ్ఞులు ఏమంటున్నారో చదివి, 1913లో వర్తమానాంధ్ర భాషను గూర్చి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రకటించారు. బాలకవి శరణ్యము, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అనే గ్రంథాలు ఈ వాదంలో నుండి పుట్టినవే.

మొదట పరీక్షలలో వాడుక భాషలో వ్రాసుకోవడానికి కొంత అవకాశం దొరికింది. ప్రతిపక్షంలో జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు నిలిచారు. వారు కూడా తెలుగును ప్రేమించినవారే, దాన్ని మరువకూడదు. విశ్వవిద్యాలయంలో వారి మాటే చెల్లింది. 1915 నవంబరు 30న గురజాడవారు మరణించారు. చిన్ననాటి సహాధ్యాయిని, కుడిభుజాన్ని పోగొట్టుకొన్న రామమూర్తి గారు ఊరూరా తిరిగి సభలలో మాట్లాడసాగారు. ఎదుటివారి ప్రశ్నలు సరిగా వినిపించని మనిషి సభలలో ఎలా వాదించారో ఊహించుకోండి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వృద్ధులైన కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. మూడు నెలలకే మే 27న వీరేశలింగం గారు కన్నుమూశారు. ఆ సంవత్సరమే తెలుగు అనే పేరుతో పంతులు గారు నడిపిన పత్రిక ఒక ఏడాదితో ఆగిపోయింది. అయినా ఆయన ఆగలేదు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద పెట్టిన నిషేధాన్ని తొలగించింది. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలపాటు ఏకధాటిగా ప్రసంగించారు. మన సంఘాలలో గంట దాటిన ప్రసంగానికే గడియారం చూచుకొనేవారున్నారు గనుక ఇది చెప్పడం!

ఈ సందర్భంలో మన గుడులలోని భాషను గూర్చి ఒక మాట అనకుండా పోలేను. మన బైబిలు తెలుగు పుస్తకాల తెలుగు. దాని గాంభీర్యం మీద నాకు గౌరవమే, చిన్నతనం నుండి కంఠస్థం చేసిన మాటలను మార్చుకోమని ఎవరినీ అడగను. కానీ ప్రార్థన చేయడానికి లేచిన కోయ యువకుడు, లేక పొలం నుండి వచ్చిన తల్లి, తమ మాటలు ప్రార్థనకు తగవేమో అని జంకి కూర్చుండిపోవడం ఏ గ్రామంలోనైనా చూడవచ్చు. వారి నోట ఎవరు ఆ జంకు పెట్టారు? ఇటీవలి దశాబ్దాలలో వాడుక తెలుగులో బైబిలు అనువాదాలు వచ్చాయి. అవి వచ్చినప్పుడు కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. 1910లనాటి వాదమే మన గుడిలో ఆలస్యంగా జరిగింది, అంతే.

పంతులు గారి శిష్యులలో తాపీ ధర్మారావు గారు ప్రసిద్ధులు. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకొని, తరువాత పత్రికా సంపాదకులై వాడుక తెలుగును పత్రికలకెక్కించారు. ఆయన కుమారులు గిడుగు వెంకట సీతాపతి గారు కూడా తండ్రితోపాటు సవర భాషలో కృషి చేసి, పిల్లలకు గేయాలు వ్రాసి పేరు పొందారు. శిష్యుడు, కుమారుడు ఇద్దరూ గురువు పని చేపట్టిన అదృష్టం అందరు ఉపాధ్యాయులకూ దొరకదు.

ఇక ఆయన వార్ధక్యం. దీనిని త్వరగా దాటడం నాకిష్టం లేదు, ఎందుకంటే చాలామంది విశ్రాంతి తీసుకొనే వయస్సులోనే ఆయన సవర పని పూర్తి చేశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో ప్రకటించింది. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు. 1933లో 70 ఏళ్ళు నిండిన సందర్భంలో రాజమహేంద్రవరంలో శిష్యులు, మిత్రులు సన్మానం చేశారు. 1934లో ప్రభుత్వం కైజర్ ఇ హింద్ పతకం ఇచ్చింది. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 75 ఏళ్ళ వయస్సులో, ఏనాడో పోయిన వినికిడితో, ఒక్కొక్క మాటకు ధ్వని గుర్తులు సరిచూచి అచ్చుకిచ్చారు. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

మధ్యలో ఒక దుఃఖకరమైన ఘట్టం ఉంది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడబోతున్నప్పుడు పర్లాకిమిడిని అందులో చేర్చాలని రాజావారు గట్టిగా ప్రయత్నించారు. రామమూర్తి గారు 30 ఏళ్ళు జీతం తీసుకొన్నది ఆ సంస్థానం పాఠశాలలోనే. అయినా తెలుగువారి పక్షాన నిలబడి ఎదిరించారు. ఊరు ఒరిస్సాకే పోయింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఆనాటి ఉదయమే ఆయన పర్లాకిమిడి వదలి రాజమహేంద్రవరం చేరారు. 17 ఏళ్ళ వయస్సులో వచ్చి చేరిన ఊరిని 72 ఏళ్ళ వయస్సులో విడిచిపెట్టారు.

సరిహద్దు గీతలు మారితే మనుషుల మనస్సు ఎలా ఉంటుందో మన ప్రాంతం వారికి బాగా తెలుసు. భద్రాచలం తాలూకా 1860లో నైజాము నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చి మధ్యపరగణాలలో చేరింది, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది, 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు వచ్చింది, 2014లో కూనవరం, చింతూరు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. ఇన్నిసార్లు గీత జరిగినా గూడెంలోని కోయ అమ్మ బిడ్డను పిలిచే మాట మారలేదు. ఆ మాట బడి లోపలికి వస్తుందా రాదా అన్నదే గీత ఎటు జరిగినా మిగిలే ప్రశ్న.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో ఆయన పత్రికా సంపాదకులను కలుసుకొని, వాడుక భాషలో వ్రాయండని మరొకసారి విన్నవించారు. పండితుల సభలో గెలవడం కన్న, రోజూ వేలమంది చదివే కాగితంలో జనం మాట కనబడడమే ఆయనకు కావలసింది. వారం తరువాత, జనవరి 22న, కన్నుమూశారు. 76 సంవత్సరాలు నిండిన జీవితం.

ఆంధ్రప్రదేశ్‌లో ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. మన తెలంగాణలో 2014 తరువాత కాళోజీ గారి పుట్టిన రోజు సెప్టెంబరు 9ని భాషా దినోత్సవంగా పాటిస్తున్నారు. కాళోజీ కూడా పలుకుబడి భాషకే పట్టం కట్టిన మనిషి గనుక ఇద్దరికీ పేచీ లేదు. అయితే ఆగస్టు సభలలో వాడుక తెలుగు మాట వచ్చినన్ని సార్లు సవర మాట రాదు.

ఆ కొండలలో మాత్రం కథ సాగింది. 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన జాతి భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. మన వైపు కూడా పని కొంత జరిగింది. 2000 తరువాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, సవర మొదలైన 8 గిరిజన భాషలలో చిన్న తరగతుల పిల్లలకు వాచకాలు సిద్ధం చేయించింది. పిల్లవాడు మొదట తన మాటలో చదవడం నేర్చి, తరువాత మెల్లగా తెలుగులోకి అడుగుపెట్టేటట్టు వాటిని కూర్చారు. ఆ కోయ మాటలను అచ్చువేసినది తెలుగు లిపిలోనే, పర్లాకిమిడి పంతులు గారు తన మొదటి సవర పుస్తకాలకు చేసినట్టే.